బొగ్గు బండి ఇంట్లో తిరగాలంటే



కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలు మార్గం పక్కన పుట్టిన పిల్లలకు రైలును పరిచయం చేయనక్కర్లేదు. జమ్మికుంట, ఓదెల, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్, ఏ ఊరైనా సరే. గేటు పడగానే సైకిల్ దిగి, వచ్చే గూడ్స్ బండికి ఎన్ని డబ్బాలున్నాయో లెక్కపెట్టని వాళ్లు ఈ ఊళ్లలో అరుదు. 1929లో ఈ మార్గం పూర్తయ్యాకే మద్రాసుకు, ఢిల్లీకి మధ్య నేరుగా రైలు దారి పడింది. అప్పటి నుంచి దేశపు ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య ఎన్నో బండ్లు మన ఊళ్ల మీదుగా నడుస్తున్నాయి.

ఆ బండిని ఇంట్లో, చాప మీద, మన చేతులతో కట్టి నడిపించడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే బిగుసుకునే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలు మీకు తెలుసు. పిల్లలు బ్లాక్స్ అంటారు, లెగో అంటారు. వాటితో ఇల్లు కట్టొచ్చు, కారు కట్టొచ్చు. రైలు కట్టి, మోటారు బిగించి, పట్టాల మీద తిప్పనూ వచ్చు. ప్రపంచంలో చాలా దేశాల్లో పిల్లలే కాదు, ఉద్యోగాల నుంచి రిటైరైన పెద్దవాళ్లు కూడా ఈ పనిలో మునిగి ఉంటారు.

ఈ పని మొదలుపెట్టే వాళ్లు సాధారణంగా వందే భారత్‌నో, రాజధానినో ఎంచుకుంటారు. అందంగా ఉంటుంది, వేగంగా పోతుంది కాబట్టి. నా సలహా వేరు. మొదటి బండి బొగ్గు బండి కావాలి. మన ప్రాంతపు బండి అన్న మమకారం ఉండనే ఉంది. అది పక్కన పెట్టి చూసినా, బొమ్మ ఇటుకలకు, బొమ్మ పట్టాలకు కొలిచినట్టు సరిపోయే బండి అదే. ఎందుకో లెక్కతో చూపిస్తాను. వీలున్న వాళ్లు కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

ముందుగా ఈ ఇటుకల సంగతి నాలుగు మాటల్లో. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. 1932లో పనులు దొరకని కాలంలో ఆయన చెక్కబొమ్మల తయారీ మొదలుపెట్టాడు. 1949లో ఆయన లెగో సంస్థ ప్లాస్టిక్ ఇటుకలు తెచ్చింది. అయితే అవి గట్టిగా పట్టుకునేవి కావు. ఇటుక కింది భాగంలో గొట్టాలు పెట్టి, కింది ఇటుక బొడిపెలను పై నుంచి బిగించే పద్ధతికి 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకతో కలుస్తుంది. 1960లో చెక్కబొమ్మల గోదాము కాలిపోయాక చెక్కపని మానేసి పూర్తిగా ప్లాస్టిక్ వైపు తిరిగారు.

ఈ ముక్క వింటున్న నిర్మల్ శ్రోతలకు తమ ఊరు గుర్తొస్తూ ఉండాలి. అక్కడ నకాషీ కళాకారులు ఇప్పటికీ పొనికి కర్రతో బొమ్మలు చేస్తున్నారు. తేలికైన ఆ కర్రను చెక్కి, ముక్కలను జిగురుతో అతికి, రంగులు వేస్తారు. అతికిన ముక్క మళ్లీ విడిపోకూడదు, అది ఆ కళ గొప్పతనం. ఇటుకల ఆటలో గొప్పతనం ముక్కలు విడిపోవడంలో ఉంది. కట్టింది నచ్చకపోతే విప్పొచ్చు, విప్పింది వృథా పోదు. రెండు వరుసల్లో నాలుగేసి బొడిపెలుండే ఇటుకలు, ఒకే రంగువి, ఆరు తీసుకుంటే వాటిని 91 కోట్ల 51 లక్షలకు పైగా రకాలుగా కలపవచ్చని గణితజ్ఞులు లెక్కగట్టారు. అందుకే పెట్టె మీది బొమ్మలో ఏ దేశపు రైలు ఉన్నా మనం మన రైలు కట్టుకోవచ్చు.

ఈ ఇటుకల్లో రైలు 1966లో వచ్చింది. మొదట నాలుగున్నర వోల్టుల బ్యాటరీ, నీలం రంగు పట్టాలు. 1969లో 12 వోల్టులతో, గోడ ప్లగ్గుకు తగిలించే ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచే రకం వచ్చింది. 1991లో 9 వోల్టులది వచ్చింది. అందులో కరెంటు లోహపు పట్టాల గుండానే మోటారుకు చేరేది. 2006 నుంచి పట్టాల్లో కరెంటు పోయింది, బ్యాటరీ బండిలోకి ఎక్కింది, చేతికి రిమోట్ వచ్చింది. 2018 తర్వాతి వాటిని బ్లూటూత్‌తో, ఫోన్ నుంచి కూడా నడపొచ్చు. ఈ మార్పు మనకు మేలు చేసింది. పట్టాల్లో కరెంటు లేదు కనుక పట్టా ఉత్త ప్లాస్టిక్ అయినా సరిపోతుంది. మోటారు, బ్యాటరీ ఏ కంపెనీవైనా పెట్టుకోవచ్చు.

ఇక లెక్కకు వద్దాం.

బొమ్మ పట్టాల మధ్య వెడల్పు 37.5 మిల్లీమీటర్లు. మన రైల్వే బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య వెడల్పు 1676 మిల్లీమీటర్లు. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే దాదాపు 45 వస్తుంది. అంటే పట్టాల లెక్కన మన బొమ్మ అసలు బండికి 45వ వంతు ఉండాలి. ఒక బొడిపెకూ పక్క బొడిపెకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ఈ అంకెను రాసుకోండి, ఇకపై ప్రతి కొలతా దీంతోనే.

బొగ్గు మోసే మామూలు వ్యాగన్‌ను రైల్వేవాళ్లు బాక్స్‌ఎన్ అంటారు. పైన కప్పు ఉండదు, కింద నాలుగేసి చక్రాల ట్రాలీలు రెండు ఉంటాయి. దాని వెడల్పు 3.2 మీటర్లు. పట్టా మీద నుంచి పై అంచు దాకా ఎత్తు 3.2 మీటర్ల పైచిలుకు. పొడవు, తగిలింపు కొక్కేలు వదిలేస్తే, 9.8 మీటర్లకు రవ్వంత తక్కువ. దీన్ని 45వ వంతు చేస్తే వెడల్పు 71 మిల్లీమీటర్లు, అంటే తొమ్మిది బొడిపెలు వస్తుంది. తొమ్మిది బేసి సంఖ్య. సరిగ్గా మధ్యలో కొక్కెం బిగించాలంటే తిప్పలు. అందుకని ప్రపంచమంతా ఈ పనిచేసేవాళ్లు ఒక రాజీకి వచ్చారు. బండి శరీరాన్ని కొంచెం తగ్గించి ఎనిమిది బొడిపెల వెడల్పు పెడతారు. ఎనిమిదెనిమిదులు 64 మిల్లీమీటర్లు. అసలు వ్యాగన్‌కు ఇది 50వ వంతు. యాభైతో భాగించడం పిల్లలకూ సులువే.

ఇప్పుడు చూడండి. వెడల్పు 64 మిల్లీమీటర్లు. ఎత్తు కూడా 64. పొడవు 196 వస్తుంది, ఇరవై నాలుగు బొడిపెలు వేసుకుంటే 192. వెడల్పు ఎంతో ఎత్తూ అంతే, పొడవు దానికి మూడు రెట్లు. మన బొగ్గు వ్యాగన్‌ను ఇంతకంటే సులువుగా గుర్తుపెట్టుకునే మార్గం లేదు. వంపులు లేవు, కిటికీలు లేవు, ముక్కు కోణాలు లేవు. పక్క గోడల మీద నిలువు పట్టీలు, వాటి కింది భాగంలో చిన్న తలుపులు, అంతే. మొదటిసారి కట్టేవాళ్లకు దీన్ని మించిన పాఠం దొరకదు.

ఇదే కొలతలో ప్యాసింజర్ బండి పెట్టె కడితే ఏమవుతుందో చూద్దాం. మద్రాసు పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ తయారుచేసిన పాత నమూనా పెట్టె పొడవు 21.3 మీటర్లు. యాభైతో భాగిస్తే 426 మిల్లీమీటర్లు, యాభై మూడు బొడిపెలు. మూర పొడవున్న ఆ పెట్టె మలుపు తిరగాలి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

బొమ్మ పట్టాల్లో వంపు ముక్కలు పదహారు కలిపితే పూర్తి వలయం. ఆ వలయపు వ్యాసార్ధం, పట్టాల నడుమ నుంచి కొలిస్తే, 320 మిల్లీమీటర్లు. యాభైతో హెచ్చిస్తే 16 మీటర్లు. నిజమైన బ్రాడ్‌గేజ్ మార్గంలో అనుమతించే అతి బిగువైన మలుపు వ్యాసార్ధమే 175 మీటర్లు. దాన్ని యాభైతో భాగించి నిజాయతీగా ఇంట్లో వేద్దామంటే మూడున్నర మీటర్ల వ్యాసార్ధం, ఏడు మీటర్ల వెడల్పు గది కావాలి. మన ఇళ్లలో అది కుదరదు. కనుక బొమ్మ బండి ఎప్పుడూ అసలు బండి ఎన్నడూ తిరగని మలుపు తిరుగుతుంది. పదకొండు రెట్లు బిగువైన మలుపు అది.

అలాంటి మలుపులో పొడవాటి పెట్టె ఏం చేస్తుంది? రెండు చివరల చక్రాలు పట్టా మీద ఉంటాయి, నడుము లోపలికి పొడుచుకొస్తుంది. ఎంత పొడుచుకొస్తుందో లెక్కగట్టడానికి ఒక సూత్రం ఉంది. ముందు ట్రాలీకీ వెనక ట్రాలీకీ మధ్య దూరాన్ని అదే దూరంతో హెచ్చించి, వచ్చిన దాన్ని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. పాత ప్యాసింజర్ పెట్టెలో ఆ దూరం 14.8 మీటర్లు, బొమ్మలో 296 మిల్లీమీటర్లు. సూత్రంలో వేస్తే 34 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే నాలుగు బొడిపెలకు పైనే నడుము పక్కకు జరుగుతుంది. పక్కన పెట్టిన ప్లాట్‌ఫారాన్ని, సిగ్నల్ స్తంభాన్ని, చెట్టును పడగొట్టుకుంటూ పోతుంది. బొగ్గు వ్యాగన్‌లో ట్రాలీల మధ్య దూరం ఆరున్నర మీటర్లు, బొమ్మలో 130 మిల్లీమీటర్లు. అదే సూత్రంలో వేస్తే ఆరున్నర మిల్లీమీటర్లు. ఒక్క బొడిపె కూడా కాదు. ట్రాలీల మధ్య దూరం సగం కంటే కొంచెం తగ్గితే, పొడుచుకురావడం అయిదో వంతుకు పడిపోయింది. ఆ దూరాన్ని దాంతోనే హెచ్చిస్తున్నాం కాబట్టి అలా అవుతుంది. పదో తరగతి పిల్లలు దీన్ని పైథాగరస్ సిద్ధాంతంతో తమంతట తాము రాబట్టుకోవచ్చు. మాస్టార్లు ఈ లెక్క ఇచ్చి చూడండి.

ఇలా మలుపు లెక్క బొగ్గు బండికి అనుకూలంగా తేలింది. రెండో కారణం ఇంకా ముచ్చటైనది. గుండ్రంగా తిరగడం బొమ్మ రైలుకు ఒక లోపంగా అనిపిస్తుంది. ఎక్కడికీ పోదు, బయల్దేరిన చోటికే వస్తుంది. కానీ మన రామగుండంలో నిజమైన బొగ్గు బండ్లు పనిగట్టుకుని అలాగే తిరుగుతాయి.

రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్ల కరెంటు కేంద్రం. మొదటి యూనిట్ 1983లో వచ్చింది. సింగరేణి గనుల నుంచి ఆ కేంద్రానికి బొగ్గు చేరవేయడానికి ప్రత్యేకమైన రైలు మార్గం ఉంది. దాని పేరే మెర్రీ గో రౌండ్, క్లుప్తంగా ఎంజీఆర్ అంటారు. 1960లలో బ్రిటన్‌లో పుట్టిన పద్ధతి ఇది. గని దగ్గర ఎత్తైన బొగ్గు గిడ్డంగి కింద నుంచి బండి నెమ్మదిగా కదులుతుంటే పై నుంచి బొగ్గు పడుతుంది. కరెంటు కేంద్రం దగ్గర వ్యాగన్ అడుగు తలుపులు తెరుచుకుంటే పట్టాల కింద కట్టిన తొట్టిలోకి బొగ్గు జారిపోతుంది. ఇంజన్ విప్పి అటు నుంచి ఇటు తెచ్చి తగిలించే పని లేదు, చుట్టు దారిలో తిరిగి మళ్లీ గనికే పోతుంది. ఇక్కడ వాడేది అడుగున తెరుచుకునే వ్యాగన్, దాన్ని బీఓబీఆర్ అంటారు. తలుపులు గాలి ఒత్తిడితో తెరుచుకుంటాయి. గోదావరిఖని, ఎన్టీపీసీ టౌన్‌షిప్ పిల్లలకు ఇది కళ్లముందు జరిగే పని.

అందుకే ఇంట్లో వేసే పట్టాలకు నేను సూచించే నమూనా ఇదే. వలయాన్ని సగానికి విడగొట్టి, రెండు సగాల మధ్య రెండు వైపులా నాలుగేసి తిన్నని ముక్కలు వేయండి. అండాకారంలో పట్టాలకు దాదాపు మీటరు ఇరవై సెంటీమీటర్ల పొడవు, డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు చోటు పడుతుంది. ఒక పక్క తిన్నని పట్టాల మీద గని గిడ్డంగి, రెండో పక్క కరెంటు కేంద్రపు తొట్టి. తొట్టి ఉన్న వైపు పట్టాలను నాలుగు ఇటుకల ఎత్తున లేపాలి. ఒక వైపే లేపితే ఎక్కుడు దిగుడు వస్తుంది, అందుకని మొత్తం మార్గాన్నీ చెక్క పలక మీద పెట్టి, తొట్టి ఉండే చోట పలకకు రంధ్రం చేయడం మేలు.

బొగ్గుకు ఏం వాడాలి? నన్నడిగితే మినుములు. నల్లగా, తేలిగ్గా జారుతూ, యాభయ్యో వంతు లెక్కలో పెద్ద బొగ్గు పెళ్లల్లా ఉంటాయి. ఆవాలు వద్దు. అవి సందుల్లో దూరి గేర్ల పళ్ల మధ్య ఇరుక్కుంటాయి. వ్యాగన్ అడుగున కీలు ముక్కలతో రెండు తలుపులు పెట్టి, వాటిని పట్టి ఉంచే చిన్న మీట పక్కకు పొడుచుకు వచ్చేలా కట్టండి. పట్టాల పక్కన తొట్టి దగ్గర ఒక కడ్డీ నిలబెడితే, బండి పోతూ ఉండగా మీట దానికి తగిలి తలుపు తెరుచుకుంటుంది. కొంచెం ముందుకు పోయాక ఇంకో వాలు కడ్డీ తలుపును పైకి నెట్టి మూసేస్తుంది. బ్రిటన్‌లోని పాత బొగ్గు వ్యాగన్ల తలుపులు కూడా పట్టాల పక్కన బిగించిన ఇలాంటి ఏర్పాటుతోనే తెరుచుకునేవి.

ఇప్పుడు ఇంజన్. కాజీపేట ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో ఉండే వ్యాగ్-9 రకం గూడ్స్ ఇంజన్‌ది ఆరు వేల హార్స్‌పవర్, 123 టన్నుల బరువు. ఆరు ఇరుసులు, మూడేసి ఇరుసుల ట్రాలీలు రెండు. పొడవు 20.5 మీటర్లు. దీన్ని ఉన్నదున్నట్టు కడితే యాభై బొడిపెలు దాటుతుంది, ప్యాసింజర్ పెట్టెకు పట్టిన చిక్కే దీనికీ పడుతుంది. పైగా మూడు ఇరుసులు ఒకే చట్రంలో ఉంటే బిగువు మలుపులో నడిమి చక్రం పట్టా ఎక్కుతుంది. కనుక పొడవును నలభై బొడిపెలకు కుదించండి. నడిమి ఇరుసును ఇటూ అటూ జరిగేలా వదులుగా పెట్టండి. లేదా దానికి అంచు లేని చక్రాలు వేయండి. చూసేవాళ్లకు ఆరు ఇరుసులూ కనిపిస్తాయి, పట్టాలకు నాలుగే తెలుస్తాయి.

మోటారు విషయంలో రెండు దారులున్నాయి. రైలు కోసమే తయారైన కంపెనీ మోటారు ట్రాలీ ఆకారంలో చక్రాలతో సహా వస్తుంది, కింద తగిలిస్తే అయిపోయింది. ఖరీదు ఎక్కువ. రెండోది, బడుల్లో సైన్సు ప్రాజెక్టులకు వాడే పసుపు డబ్బా గేర్ మోటారు. అది 3 నుంచి 6 వోల్టుల మధ్య నడుస్తుంది. రెండు వైపులా ఇరుసు బయటికి వచ్చే రకం తీసుకుని, ఇంజన్ పొడవునా పడుకోబెట్టి అమర్చవచ్చు. దాని ఇరుసూ బొమ్మ ఇటుకల ఇరుసూ ఒక్క కొలతవి కావు. మధ్యలో బిగుతైన ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడిగి కలపాలి.

వేగం ఎంత వస్తుంది? బొమ్మ రైలు చక్రం అడ్డుకొలత 17 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఒక్క చుట్టు తిరిగితే 53 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. మోటారు నిమిషానికి 200 చుట్లు తిరిగితే సెకనుకు 177 మిల్లీమీటర్లు. దీన్ని యాభైతో హెచ్చించి గంటకు మారిస్తే దాదాపు 32 కిలోమీటర్లు. బొగ్గు నింపుకున్న బండి నిదానంగా పోతున్నట్టే ఉంటుంది. అదే మోటారుతో వందే భారత్ కట్టి చూడండి, గంటకు 130 కిలోమీటర్లు పోవాల్సిన బండి ఎడ్లబండి వెంట పోతున్నట్టు కనిపిస్తుంది. గేర్లు మార్చి వేగం పెంచితే లాగే శక్తి ఆ మేరకు తగ్గుతుంది, బిగువు మలుపులో బండి పడిపోతుంది. బొగ్గు బండే ఎందుకన్నదానికి ఇది మూడో కారణం. దానికి నిదానమే అందం.

మోటారు తిరుగుతున్నా బండి కదలకపోతే ఏం చూడాలి? ముందు చక్రాలు జారుతున్నాయేమో చూడండి. ఇంజన్ లాగే శక్తి మోటారు ఒక్కదానితో రాదు. మోటారు తిప్పే చక్రాల మీద బరువు ఉండాలి, చక్రానికీ పట్టాకూ మధ్య పట్టు ఉండాలి. అసలు ఇంజన్‌కు 123 టన్నుల బరువు ఊరికే పెట్టలేదు. అయినా తడి పట్టాల మీద జారితే చక్రాల ముందు ఇసుక పోసే ఏర్పాటు అందులో ఉంటుంది. బొమ్మలో ఇసుకకు బదులు చక్రాలకు సన్నని రబ్బరు వలయాలు తొడుగుతారు. బ్యాటరీ డబ్బాను సరిగ్గా మోటారు పైన పెట్టండి. వెనక వ్యాగన్‌లో దాస్తే అది ఇంజన్‌కు పట్టు ఇవ్వదు సరిగదా, లాగాల్సిన బరువు అవుతుంది.

తర్వాత మలుపు చూడండి. గుండ్రటి దారిలో బయటి పట్టా లోపలి పట్టా కంటే పొడవు. ఎంత పొడవు? పట్టాల మధ్య వెడల్పును రెండు పైలతో హెచ్చిస్తే చాలు, మన పట్టాలకు 236 మిల్లీమీటర్లు. వలయం చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. అంటే ఒక్క చుట్టులో బయటి చక్రం జానెడుకు పైగా ఎక్కువ దూరం పోవాలి. నిజమైన రైలు చక్రాన్ని కొంచెం వాలుగా, లోపలి వైపు లావుగా చేస్తారు. మలుపులో అది పక్కకు జరిగి, బయటి చక్రం తన లావు భాగం మీద నడిచి ఆ తేడాను సర్దుకుంటుంది. బొమ్మ చక్రానికి ఆ వాలు సరిపోదు, అందుకే రాసుకుంటూ పోతుంది. వలయాన్ని పెద్దది చేస్తే అదే రాపిడి ఎక్కువ దూరం మీద పంచబడి బండికి తేలికవుతుంది. వీలుంటే పెద్ద వంపు ముక్కలు తెచ్చుకోమనేది ఇందుకే.

ఇంకో రెండు సంగతులు. నేల మీద పట్టాలు వేస్తే ఇరుసులకు వెంట్రుకలు, దారప్పోగులు చుట్టుకుంటాయి. బండి బరువెక్కిందనిపిస్తే ముందు ఇరుసులు విప్పి తుడవండి. వ్యాగన్లను కలిపే అయస్కాంతాల పట్టు కూడా కొంతవరకే. బండి మొత్తం బరువును మొదటి జత మోస్తుంది, తెగితే అక్కడే తెగుతుంది. నిజమైన బండికి 58, 59 బాక్స్‌ఎన్‌లు కడతారు, ఒక్కో దాంట్లో 58 టన్నులకు పైగా బొగ్గు. మన బొమ్మ బండికి అయిదు చాలు. అయిదు వ్యాగన్లే మీటరు పొడవు వస్తాయి.

బ్యాటరీల లెక్క కూడా తెలుసుకోవాలి. మామూలు సెల్లు ఒకటి ఒకటిన్నర వోల్టులు, ఆరు వరసగా కలిపితే తొమ్మిది. ఛార్జింగ్ సెల్లు ఒకటి 1.2 వోల్టులు, ఆరు కలిపితే 7.2 మాత్రమే. అందుకని ఛార్జింగ్ సెల్లతో బండి కొంత నిదానిస్తుంది, మోటారు చెడిపోయిందని కంగారు పడకండి. పసుపు మోటారుకు నాలుగు మామూలు సెల్లే చాలు, ఆరు వేయకూడదు. పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేయొద్దు. ముందు ఒకటి, వెనక ఒకటి చొప్పున రెండు మోటార్లు ఎదురెదురుగా బిగిస్తే, ఒకదాని తీగలు తారుమారు చేసి కలపాలి. లేకపోతే రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ బండి నిలబడిపోతుంది.

ఖర్చు మాట. కంపెనీ రైలు పెట్టెలు మామూలు కుటుంబానికి అందే ధరలో లేవు, దాచడం ఎందుకు. కానీ విడి ఇటుకలు, వాటితో కలిసే ఇతర కంపెనీల ఇటుకలు దొరుకుతాయి. నలుగురు ఇళ్లలో మూలన పడ్డ ముక్కలు పోగేస్తే ఒక వ్యాగన్ తయారవుతుంది. ఒక్కో పిల్లవాడు ఒక్కో వ్యాగన్ కట్టి బడిలో అందరూ కలిసి ఒక బండి చేయొచ్చు. కొలత ఒకటే ఉంటే ఎవరి వ్యాగనైనా ఎవరి వ్యాగన్‌కైనా తగులుతుంది. రైల్వే నడిచేదే ఆ సూత్రం మీద. నీతి ఆయోగ్ ఇచ్చిన అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడుల్లో మోటార్లు, తీగలు, పనిముట్లు ఉంటాయి. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసమే అవి. తాళం తీసి వాడనివ్వమని ప్రధానోపాధ్యాయులకు నా మనవి.

కొనేటప్పుడు పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే చిన్న ముక్కలు, ముఖ్యంగా అయస్కాంతాలు, వాళ్లకు అందకుండా ఎత్తున పెట్టండి. అయస్కాంతాలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

చివరగా, కొలతలు ఎక్కడ దొరుకుతాయి అని అడుగుతారు. పట్టాల మీదికి దిగి టేపు పెట్టడం నేరం, ప్రమాదం కూడా. ఆ అవసరం లేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే ప్రతి వ్యాగన్ పక్కన దాని రకం, ఖాళీ బరువు, మోయగల బరువు రాసి ఉంటాయి. రకం పేరు తెలిస్తే కొలతలు వెతుక్కోవచ్చు. దాంతోపాటు పదకొండు అంకెల నంబరు ఉంటుంది. మొదటి రెండు అంకెలు వ్యాగన్ రకం, తర్వాతి రెండు అది ఏ రైల్వేకు చెందిందో చెబుతాయి. అయిదు, ఆరు అంకెలు అది తయారైన సంవత్సరం. తర్వాతి నాలుగు దాని వరస సంఖ్య. చివరి అంకె మిగతా పది సరిగ్గా రాశారో లేదో సరిచూసుకోవడానికి. గేటు దగ్గర ఇన్నాళ్లూ వ్యాగన్లు లెక్కపెట్టిన పిల్లలు ఇకమీదట వాటి వయసు కూడా చెప్పగలరు.

పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాద్‌కు 177 కిలోమీటర్ల కొత్త మార్గం 2017లో పూర్తయింది. ఆదిలాబాద్ వాళ్ల మీటర్‌గేజ్ బ్రాడ్‌గేజ్‌గా మారింది. మన జిల్లాల్లో పట్టాలు పెరుగుతున్నాయి. వాటి మీద నడిచే బండ్లను గీసేవాళ్లు, లెక్కగట్టేవాళ్లు, బాగుచేసేవాళ్లు కూడా మన పిల్లల్లోంచే రావాలి. దానికి తొలి పాఠం పెద్ద కాలేజీలోనే మొదలవ్వాలని లేదు. ఇరవై నాలుగు బొడిపెల పొడవు, ఎనిమిది బొడిపెల వెడల్పు ఉన్న ఒక్క వ్యాగన్ చాలు. ఈ సెలవుల్లో మీ పిల్లలతో కలిసి ఆ ఒక్క వ్యాగన్ కట్టండి. మోటారు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు కొలత నేర్పండి.